తోకకప్పకు బొమ్మ ఎందుకు?

విద్యార్థులారా! జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలో కప్ప జీవితచక్రం బొమ్మను మీరంతా చూసే ఉంటారు. గుడ్లు, తోకకప్ప, కాళ్లు మొలిచిన తోకకప్ప, చివరికి కప్ప. ఒకదానినుంచి మరొకదానికి బాణం గుర్తులు. ఇంత సులభంగా కనిపించే ఈ బొమ్మలో బాణం ఏ వైపు తిరగాలన్నది ఒకప్పుడు పెద్ద చిక్కుప్రశ్నే అయింది. అది ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

17వ శతాబ్దంలో హాలెండు దేశస్థుడు యాన్ స్వామర్‌డాం సూక్ష్మదర్శినితో కప్ప గుడ్డును, తోకకప్పను పరిశీలించి బొమ్మలు గీశాడు. ఆయన 1680లో మరణించాడు. ఆ బొమ్మలున్న గ్రంథం 1737-38లో గాని అచ్చు కాలేదు.

ఈలోగా మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సూరినాం వెళ్లి, 1705లో ఒక గొప్ప చిత్రగ్రంథం ప్రచురించింది. అందులో ఒక కప్ప వీపు మీది గుంటల్లోంచి పిల్లలు బయటికి వస్తుంటాయి. వింతగా ఉన్నా అది నిజమే. కాని ఆమె మరణించాక 1719లో వెలువడిన ముద్రణలో, కప్ప క్రమంగా చేపగా మారుతున్నట్టు మరో బొమ్మ చేరింది. 1734లో ఆల్బర్ట్ సెబా గ్రంథంలోనూ అలాంటి బొమ్మే వచ్చింది.

ఈ పొరపాటుకు కారణం ఏమిటి? ఆ జాతి తోకకప్ప పొడవు 20 సెంటీమీటర్లు దాటగలదు. ఎదిగిన కప్ప మాత్రం దాదాపు 7 సెంటీమీటర్లే. పెద్దది చిన్నదిగా మారుతుందని ఎవరు ఊహిస్తారు? సీసాల్లో వచ్చిన నమూనాలను చూసినవారు వరుసను తలకిందులు చేశారు. లిన్నేయస్ 1758లో ఈ కప్పకు 'పారడాక్సా', అంటే విడ్డూరమైనది, అనే జాతినామం పెట్టాడు.

ఇలాంటి తప్పుకు మందు ఒకటే: ప్రాణిని బతికుండగానే, రోజురోజుకూ చూసి గీయడం. న్యూరెంబర్గ్ చిత్రకారుడు ర్యోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ చేసినది అదే. 1758కి పూర్తయిన గ్రంథంలో ఆయన తన ప్రాంతపు కప్పల జతకట్టడం, గుడ్లు, తోకకప్ప దశలు, ఎముకల గూడు వరుసగా చూపాడు. రంగుల బొమ్మకు తోడుగా గీతల బొమ్మ కూడా ఇచ్చాడు. అంటే అందానికి ఒక పుట, వివరానికి ఒక పుట.

ఇక మన దేశానికి వద్దాం. లిన్నేయస్ లెక్కలో పాములు, బల్లులు కూడా ఉభయచరాలే! ఆ లెక్కన విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథం కూడా ఈ చరిత్రలో భాగమే. తరువాత థామస్ హార్డ్‌విక్ అనే సైనికాధికారి భారతీయ చిత్రకారుల చేత వేలాది జంతువుల బొమ్మలు గీయించాడు. ఆ చిత్రకారుల్లో చాలామంది పేర్లు మనకు మిగలలేదు. ఆ బొమ్మల ఆధారంగా 1830 నుంచి జాన్ ఎడ్వర్డ్ గ్రే వెలువరించిన గ్రంథంలోనే, మన స్నానాల గదుల గోడలకు అంటుకుని కనిపించే మచ్చల చెట్టుకప్పకు శాస్త్రీయ నామం దక్కింది.

పెద్ద కప్పలకు పేర్లు వచ్చాయి సరే, పిల్లల సంగతి? ఒకే గుంటలో నాలుగు జాతుల పిల్లలుంటే వేరు చేయడం కప్పల తక్కెడే. 1918లో నెల్సన్ అనండేల్, బెంగళూరు ఆచార్యుడు సి.ఆర్. నారాయణరావు కలిసి మన మైదాన ప్రాంతాల తోకకప్పలపై వ్యాసం ప్రచురించారు. తోకకప్పలను గుర్తించడంలో నోరే కీలకం. నోటి చుట్టూ ఉండే సన్నని పళ్ల వరుసల లెక్క, ముక్కు వంటి దవడల ఆకారం జాతినిబట్టి మారతాయి. పెద్ద బావురుకప్ప పిల్ల తోటి పిల్లలను తింటుంది కనుక దాని దవడలు బలంగా ఉంటాయి. కొన్ని జాతుల పిల్లలకు ఆ పళ్లే ఉండవు. సారాయి ద్రావణంలో రంగు వెలిసిపోయినా, బొమ్మలో ఈ గుర్తులన్నీ నిలుస్తాయి. 1960లో గోస్నర్ తోకకప్ప ఎదుగుదలను 46 దశలుగా విభజించాడు. నేటికీ శాస్త్రజ్ఞులు ఆ పట్టికనే వాడుతున్నారు.

దీనివల్ల ప్రయోజనం ఏమిటని అడగవచ్చు. భిలాయిలో తొలకరికి కాలనీ పక్క గుంట నిండుతుంది. దాన్ని పూడ్చాలా, ఉంచాలా అన్న చర్చ వస్తే, అక్కడ ఏ కప్పలు పిల్లలు పెడుతున్నాయో చెప్పగలగాలి. గట్టు మీద కనిపించిన కప్ప దారిన పోయేది కావచ్చు. నీటిలోని తోకకప్ప మాత్రం అక్కడే పుట్టింది. ఆ గుంటకు అదే సాక్ష్యం.

ఈ వానాకాలం ఒక పని చేయండి. దగ్గరలోని గుంటలో తోకకప్పలను, నీటిలోంచి తీయకుండానే, రెండు రోజులకొకసారి చూసి గీయండి. ప్రతి బొమ్మ పక్కన తేదీ, చోటు, సుమారు పొడవు రాయండి. వెనక కాళ్లు ఏ రోజు కనిపించాయి? తోక ఎప్పుడు కుంచించింది? తేదీలు ఉంటే బాణం గుర్తు ఏ వైపు తిరగాలో ఎవరూ సందేహించరు.