అనుమానానికి అమ్మమ్మ చాలు

ఆదివారం పొద్దున్న ఆరింటికే కలకత్తా పొద్దార్ కోర్టు దగ్గర టిరెట్టా బజార్‌లో ఫలహారాల అమ్మకాలు మొదలవుతాయి. ఆవిరి మీద ఉడికిన బన్నులు, మోమోలు, చేప ఉండల సూప్. నాకు బన్నులు పొట్లం కట్టిచ్చిన పెద్దావిడ పక్కవాళ్ళతో గలగలా బెంగాలీలో మాట్లాడుతోంది. "మీ సొంత ఊరేది?" అని హిందీలో అడిగాను. చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండానే "ఇదే" అంది. సిగ్గేసింది. ఆ ఊరికి రెండు రోజుల కోసం వచ్చినదాన్ని నేను. నన్నెవరూ ఆ మాట అడగలేదు.

చైనీయులు ఈ ప్రాంతానికి పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే వచ్చారు. కాంటన్ వాళ్ళు వడ్రంగులు, హక్కాలు తోళ్ళపని, చెప్పులపని చేసేవాళ్ళు, హుబే వాళ్ళు పళ్ళవైద్యులు అని చరిత్రకారులు రాస్తారు. ఇవన్నీ మగవాళ్ళ వృత్తులే. టాంగ్రాలో తోళ్ళ కార్ఖానా, కాపురం ఒకే కప్పు కింద సాగాయి. వంటతో పాటు కార్ఖానా పనీ చూసుకున్న ఆడవాళ్ళకు ఆ జాబితాలో చోటులేదు.

వాళ్ళకి చోటిచ్చిన జాబితా మరొకటుంది. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది. విదేశీయుల చట్టాల పరిధిని ప్రభుత్వం ఆ ఏడే పెంచింది. తల్లిదండ్రుల్లో, తాతయ్య నానమ్మ అమ్మమ్మల్లో ఏ ఒక్కరు ఎప్పుడైనా శత్రుదేశ పౌరులై ఉన్నా చాలు, ఆ చట్టాలు వర్తిస్తాయి. అస్సాం, ఉత్తర బెంగాల్‌ల నుంచి ఎక్కువగా, సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి రైళ్ళలో తరలించారు. వాళ్ళలో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, పసిపిల్లలు, ముసలమ్మలు ఉన్నారు. యుద్ధం నెలరోజుల్లో ఆగింది. శిబిరంలో కొందరు 1967 దాకా మగ్గారు. కలకత్తా చైనీయుల్లో చాలామందికి శిబిరం తప్పినా పోలీసుల నిఘా తప్పలేదు. తర్వాత ఎందరో కెనడా వెళ్ళిపోయారు.

ఇక్కడ ఆగి ఇంకో చట్టం చూడాలి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు వారసత్వంగా భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. తల్లికీ ఆ హక్కు ఇచ్చింది 1992 సవరణ. అంటే పౌరసత్వం ఇచ్చేటప్పుడు లెక్కకు రాని తల్లి, అనుమానించేటప్పుడు లెక్కకొచ్చింది. అమ్మ సరే, అమ్మమ్మ కూడా! రక్తసంబంధాన్ని ఎప్పుడు ఏ వైపు నుంచి లెక్కగట్టాలో రాజ్యమే నిర్ణయిస్తుంది. మన ఇళ్ళలో ఇంటిపేరుకి, ఆస్తికి పనికిరాని ఆడవాళ్ళు తప్పులెన్నేటప్పుడు "తల్లి పోలిక" అయి ముందుకొస్తారు, గుర్తుందా?

దశాబ్దాల మౌనాన్ని బద్దలు కొట్టినవాళ్ళలోనూ ఆడవాళ్ళే ముందున్నారు. పదమూడేళ్ళ వయసులో దేవ్‌లీకి వెళ్ళిన యిన్ మార్ష్ తన జ్ఞాపకాలు రాసింది. మాకుమ్ చైనీయుల మీద రీటా చౌధురి 2010లో అస్సామీ నవల 'మాకామ్' తెచ్చింది. శిబిరంలోనే పుట్టిన జాయ్ మా, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో 'ద దేవ్‌లీవాలాజ్' రాసింది.

టిరెట్టా బజార్‌కి మనం రుచుల కోసం వెళ్తాం. వెళ్ళాలి కూడా. కానీ "మీదే ఊరు?" అని అడిగే ముందు, ఆ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పారని ఎవరెవరిని రైలెక్కించారో తెలుసుకుని వెళ్ళాలి. నేను తెలుసుకోకుండా వెళ్ళాను.