పందిరి లెక్కలు: తెలుగు పెళ్లిలో పొదుపూ సొగసూ

తెలుగువారు కట్టే కట్టడాలలో అన్నింటికంటే తక్కువ కాలం నిలిచేది పెళ్లి పందిరి. మంచిరోజు చూసి రాట పాతడంతో మొదలయ్యే దాని ఆయుష్షు పదహారు రోజుల పండుగతో తీరిపోతుంది. రాట అంటే పందిరికి మొట్టమొదట నిలిపే గుంజ. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాల మూట, మామిడాకులు కట్టి, ముత్తైదువుల చేత పాతించిన తరువాతనే మిగిలిన పని సాగుతుంది. ఇంత కొద్దికాలం నిలిచే నిర్మాణమే అయినా పెళ్లి ఎంత ఘనంగా జరిగిందో చెప్పవలసివచ్చినప్పుడు ఊరివారు ముందుగా వర్ణించేది పందిరినే. ఆ ఘనతకు అయిన ఖర్చెంత, అది ఎవరి ఖాతాలో పడేది, ఆ లెక్క ఏయే కారణాల వల్ల మారుతూ వచ్చింది అన్నవి సామాన్య గృహస్థుల పెళ్లిళ్ల చరిత్రలో ముఖ్యమైన ప్రశ్నలు.

పందిరికి కావలసిన సరుకులో అంగడి నుంచి కొని తెచ్చేది బహు స్వల్పం. డెల్టా గ్రామాలలో తాటాకు, కొబ్బరాకు, మెట్ట సీమలలోనూ తెలంగాణలోనూ మామిడి, నేరేడు కొమ్మలు పైకప్పు అయ్యేవి. గెలలతో ఉన్న అరటి బోదెలు ద్వారానికి అటూ ఇటూ నిలిచేవి, మామిడాకులు తోరణాలయ్యేవి. లోపలి వైపు ఆకు కనబడకుండా చాకళ్లు చలువ చేసిన తెల్లని పంచెలు, రంగు చీరలు పరిచి కట్టేవారు. మేల్కట్టు అని పిలిచే ఆ గుడ్డకప్పు వల్ల ఎండ మెత్తబడి, కింద కూర్చున్నవారి మీద రంగురంగుల నీడ పడేది. పేడ అలికిన నేల మీద వేసిన పిండి ముగ్గు, దాని మీద వడ్రంగి చెక్కిన రెండు పీటలు కూడా చేరితే మండపం సిద్ధమైనట్లే. చెట్లూ, ఇరుగుపొరుగు వారి బట్టలూ, ఊరి మనుషుల చేతిపనీ కలిసి ఆ సొగసును కూర్చేవి.

కర్మకాండకు అవసరమయ్యే వస్తువులను చూసినా ఇదే తీరు కనిపిస్తుంది. మధుపర్కం అన్న మాటకు అసలు అర్థం వరుణ్ణి అతిథిగా భావించి ఇచ్చే తేనె, పెరుగుల మిశ్రమం. కాలక్రమంలో తెలుగునాట ఆ సందర్భంలో పెట్టే తెల్లని నూలు బట్టలకే ఆ పేరు స్థిరపడింది. సన్నని ఎర్రంచు తప్ప వేరే అలంకారం లేని ఆ జతను కట్టుకుంటే కలవారి పిల్లకూ లేనివారి పిల్లకూ పీటల మీద తేడా తెలిసేది కాదు. నుదుట కట్టే బాసికం, అడ్డుతెర, తమలపాకులో జీలకర్ర–బెల్లం, పసుపు కలిపిన తలంబ్రాలు, వీటిలో ఏదీ సామాన్యుడి స్తోమతకు మించినది కాదు. తలంబ్రాలన్న మాటే తల, ప్రాలు అన్న రెండు పదాల కలయిక. ప్రాలు అంటే బియ్యం. మంగళసూత్రంలో సైతం బంగారపు పుస్తె కంటే పసుపు పూసిన దారానికే ప్రాధాన్యం ఎక్కువ. పుస్తెకు శక్తి లేని చోట ఆ దారానికి పసుపుకొమ్ము కట్టి పెళ్లి జరిపించడం తెలుగువారికి కొత్త సంగతి కాదు.

అయితే ఈ పెళ్లి చవక అనడం సగం నిజం మాత్రమే. కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకునే రంగుల కుండలు, ఆంధ్ర ప్రాంతంలో అరివేణి అనీ తెలంగాణలో ఐరేని అనీ పిలిచేవి, కంసాలి చేసే పుస్తెలు, మేదరి అల్లే వెదురు బుట్టలు, మంగలివారి సన్నాయి, డోలు, చాకళ్లు పట్టే దివిటీలు, ఇవన్నీ రొక్కం చెల్లించి కొన్న సేవలు కావు. ఏడాది పొడవునా ఊరికి చేసే పనికి పంట చేతికి వచ్చినప్పుడు కళ్లంలో కొలిచి ఇచ్చే ధాన్యపు వాటాను మేర అంటారు. పెళ్లిపని ఆ మేరలోనే కలిసిపోయేది, పైన దక్కేది ఒక పాత బట్టో, పెళ్లి భోజనమో, కొద్దిపాటి ఈనామో. నిజాం రాజ్యంలోని తెలంగాణ గ్రామాలలో భూస్వాములైన దేశ్‌ముఖుల ఇళ్లలో పెళ్లి వచ్చిందంటే ఈ సేవ పూర్తిగా వెట్టిగా, అంటే కూలి లేని నిర్బంధ చాకిరీగా, మారేది. కనుక పాతకాలపు పెళ్లిలో ఖర్చు లేకపోలేదు. అందులో పెద్ద భాగాన్ని కింది కులాలవారు తమ శ్రమ రూపంలో మోసేవారు. పందిరి అందాన్ని తలచుకునేవారు ఈ సంగతిని దాటవేయడం చరిత్రకు న్యాయం కాదు.

ఖర్చును పంచుకునే మరో ఏర్పాటు బంధువుల మధ్య ఉండేది. వంటకు కావలసిన గుండిగలు, గంగాళాలు ఇంటింటి నుంచీ ఎరువు తెచ్చి, ఎవరిది ఎవరిదో తెలియడానికి వాటి మీద చెక్కించిన పేర్లు చూసి తిరిగి అప్పగించేవారు. నేలలో పొడవుగా తవ్విన గాడిపొయ్యి మీద వంట, ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే అడ్డాకులతో గానీ మోదుగాకులతో గానీ కుట్టిన విస్తళ్లలో వడ్డన సాగేవి. రొక్కం అవసరాన్ని తీర్చేది చదివింపులు. పందిట్లో ఒక మూల చాప మీద కూర్చున్న లేఖరి, పసుపు పూసిన పుస్తకంలో పేరు, ఊరు, మొత్తం రాసుకుంటూ, ఫలానావారు ఇంత చదివించారని అందరికీ వినబడేలా పైకి చదివేవాడు. చదివింపు అన్న పేరు వచ్చింది అందుకే. చదివించినవారి ఇంట పెళ్లి జరిగినప్పుడు ఆ పుస్తకం మళ్లీ తెరిచి, అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం మర్యాద. కనుక దీన్ని కానుక అనడం కంటే వడ్డీ లేని పరస్పర రుణమని, తరాలపాటు తిరిగే ఊరి చిట్టీ అని అనడం సరైనది. చదివింపులలో నూటపదహార్లకు ఉన్న గౌరవం గురించి ఒక వాడుక వివరణ ఉంది: నిజాం రాజ్యపు హాలీ సిక్కాలు ఏడు బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి సమానంగా చెల్లేవి గనుక, నూరు రూపాయల విలువకు నూటపదహారుకు పైచిలుకు హాలీలు ఇవ్వవలసివచ్చేదని, ఆ లెక్కే ఆచారంగా మిగిలిందని దాని సారాంశం.

ఊరి సేవలూ బంధువుల సాయమూ కలిసిన ఈ అల్లిక మీద పెళ్లి ఎంతగా ఆధారపడేదో, అది తెగిన సందర్భంలో స్పష్టంగా తెలిసింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు సనాతనులు బహిష్కారం ప్రకటించారు. వంటవారు, పరిచారకులు దొరకడమే కష్టమైంది. మామూలు పెళ్లిలో ఊరు, కులం అమర్చిపెట్టే ప్రతి సేవనూ డబ్బు పెట్టి సమకూర్చుకోవలసి రావడంతో, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఆర్థిక సాయం వితంతు వివాహోద్యమానికి ప్రాణాధారమైంది.

ఇంతవరకు చెప్పినది పెళ్లి నిర్వహణ ఖర్చు. కుటుంబాలను కూల్చిన ఖర్చు వేరు. అది పందిట్లో కనిపించేది కాదు. వధువు తండ్రికి వరుడి పక్షం ఇచ్చే సొమ్మును కన్యాశుల్కమంటారు. విజయనగర సంస్థానాధీశుడు ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన వివరాలలో మూడేళ్ల కాలానికి ఇటువంటి బ్రాహ్మణ వివాహాలు 1034 నమోదైనట్లు, గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకానికి రాసిన పీఠికలో పేర్కొన్నారు. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు వరుడి విలువను పెంచేసరికి ఆ ప్రవాహం ఎదురు తిరిగి వరశుల్కం, అంటే కట్నం, ముందుకు వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం, దాని ఆధారంగా 1939లో వచ్చిన చలనచిత్రం, 1952 నాటి ‘పెళ్లి చేసి చూడు’ చిత్రం ఆ మార్పుకు అద్దం పట్టాయి. “ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్న సామెతలోని భయాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి. గృహస్థును అప్పుల పాలు చేసినది తాటాకులూ మామిడి తోరణాలూ కావు, పీటల మీదికి రాకముందే చేతులు మారే సొమ్ము. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆ సొమ్ము పేరు మార్చుకుందే తప్ప ఆగలేదు.

సంస్కర్తలు పెళ్లిని క్లుప్తం చేయడానికి రెండు దారులలో ప్రయత్నించారు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే సాగే ‘వివాహ విధి’ని రచించి, ఆ పద్ధతిలో స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు, అర్థం తెలియని మంత్రానికి బదులు అర్థమయ్యే ప్రమాణం ఉండాలన్నది ఆయన పట్టుదల. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు వంటి నాస్తికులు, కమ్యూనిస్టు ఉద్యమకారులు మరో అడుగు వేసి, సభావేదిక మీద వధూవరులు పూలదండలు మార్చుకుని పెద్దల సమక్షంలో సంతకాలు చేసే దండల పెళ్లిని ప్రచారంలోకి తెచ్చారు. రెండు పూలదండలు, ఒక ఉపన్యాసం, తేనీరు, ఇంతే దాని సరంజామా. ఆ పెళ్లిళ్లలో చాలావాటికి కట్నం ఉండేది కాదు, కులం అడ్డొచ్చేది కాదు. పొదుపు వాటికి లక్ష్యం కాదు, ఫలితం మాత్రమే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అటువంటి జంటలకు శాస్త్రోక్త కర్మ లేకుండానే చట్టబద్ధత పొందే మార్గం చూపింది.

సంప్రదాయ వివాహం సైతం ఇదే కాలంలో కుదించుకుపోయింది. ఐదు రోజుల పెళ్లి మూడు రోజులై, తుదకు ఒక్క పూటకు దిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు ధాన్యం కొరత, రేషను, సెలవు దొరకని నౌకరీలు, చెదిరిపోయిన ఉమ్మడి కుటుంబాలు ఇందుకు దోహదం చేశాయి. రోజులు తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గలేదు. మేర ఇచ్చే పద్ధతి సడలి, వృత్తిదారులు రొక్కం అడగడం న్యాయంగానే మొదలైంది. తాటాకు పందిరి స్థానంలో షామియానా, ఎరువు పాత్రల స్థానంలో టెంట్‌హౌస్ సామాను, సన్నాయి పక్కన బ్యాండు మేళం, దివిటీల చోట పెట్రోమాక్స్ దీపాలు, ఆ తరువాత ఇంటి వాకిలికి బదులు కల్యాణ మండపం, ఫంక్షన్‌హాలు వచ్చాయి. ఊరందరూ తలో చెయ్యి వేసి మోసిన బరువు ఒక్క ఇంటి బిల్లుగా మారింది.

మార్కెట్టు ఖర్చును పెంచడంతో ఆగక, చవకలో సొగసును అందించే వృత్తులను కూడా పెంచింది. మచిలీపట్నం పక్కనే ఉన్న చిలకలపూడి ఇందుకు మంచి ఉదాహరణ. గిల్టు నగలు, రోల్డ్‌గోల్డ్ అనీ, హాస్యంగా చిలకలపూడి బంగారమనీ పిలిచే ఈ ఆభరణాలను రాగి, ఇత్తడి రేకులను అచ్చులలో నొక్కి, ముక్కలు అతికి, మెరుగుపెట్టి, రాళ్లు పొదిగి, చివరకు బంగారు లవణం కలిసిన ద్రావణంలో విద్యుత్తు పంపి వెంట్రుకవాసి కంటే పలచని పూత పూసి తయారుచేస్తారు. రాళ్లు అతికించడం, గొలుసు కొక్కేలు తగిలించడం ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్ల చేతిమీదుగా సాగే పని. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి కొత్త నగలను 14 క్యారట్ల స్వచ్ఛతకు పరిమితం చేసినప్పుడు కంసాలులు వీధిన పడ్డారు. 1968 చట్టంగా స్థిరపడిన ఆ నియంత్రణ 1990లో గానీ తొలగిపోలేదు. నియంత్రణ ఉన్నా లేకున్నా, ఇనప్పెట్టెలో బంగారం లేని ఇంటి పెళ్లికూతురు కాసులపేరు, వంకీలు, వడ్డాణంతో నిండుగా పీటల మీద కూర్చోగలగడానికి చిలకలపూడి గిల్టే ఆసరా. హైదరాబాదు చార్మినార్ పక్కనున్న లాడ్ బజారులో, నిప్పుల మీద మెత్తబరిచిన లక్కలో అద్దపు రాళ్లు వరసకట్టి అద్దే గాజులది కూడా ఇదే కోవ. మతంతో నిమిత్తం లేకుండా పెళ్లి బజారుకు వచ్చినవారందరి చేతులనూ అలంకరించిన ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఖర్చును పంచుకునే పాత్ర ఊరి నుంచి క్రమంగా దేవస్థానాలకూ, ప్రభుత్వానికీ బదిలీ అయింది. అన్నవరం, సింహాచలం, ద్వారకా తిరుమల, యాదగిరిగుట్ట క్షేత్రాలలో స్వామి సన్నిధిలో చేసే పెళ్లికి ఆడంబరం లేకున్నా గౌరవం ఉంటుంది గనుక, భారీ పందిరి వేయలేనివారికి అది తలవంపులు లేని మార్గమైంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2007లో కల్యాణమస్తు పేరిట సామూహిక వివాహాలకు శ్రీకారం చుట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న ప్రారంభించిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల సాయం తొలుత 51,000 రూపాయలు కాగా, 2017లో 75,116కూ, 2018లో 1,00,116కూ పెరిగింది. ఆ మొత్తాల చివర నిలిచిన నూటపదహార్లు, సర్కారు కూడా తనను చదివింపుల పుస్తకంలో పేరు రాయించుకున్న పెద్ద బంధువుగానే ఊహించుకున్నదని తెలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018లో చంద్రన్న పెళ్లికానుక, 2022లో వైఎస్సార్ కల్యాణమస్తు ఇదే దారిలో వచ్చాయి.

ఈ చరిత్రను మొత్తంగా చూస్తే, తక్కువ ఖర్చులో నిండైన పెళ్లి చేయడం తెలుగువారికి చేతగాని విద్య కాదని తేలుతుంది. పచ్చని ఆకు, తెల్లని నూలు, ఎరువు తెచ్చిన పాత్ర, అందరూ తలా ఇంత వేసిన రొక్కం దానికి పునాది. ఆ పునాది కింద మూల్యం దక్కని శ్రమ ఉన్నదన్నది కూడా అంతే నిజం. పనివారికి న్యాయమైన కూలి ఇచ్చి ఆ పంచుకునే పద్ధతిని నిలుపుకోవడానికి అడ్డేమీ లేదు. అలంకారంలో తగ్గించుకోగలిగేది కొంతే. ఏ తరంలో చూసినా తెలుగు పెళ్లి లెక్కలో మొదట కొట్టివేయవలసిన పద్దు శుల్కమే, అది నాటి కన్యాశుల్కమైనా, తరువాతి కట్నమైనా.