వాలుమీద బండిని నిలుపుట: చేతి బ్రేకు చరిత్ర

అనంతపురము పీఠభూమి కంటికి చదునుగా కన్పించును. వేరుసెనగ చేలు, అక్కడక్కడ బోడిగుట్టలు, వాటి నడుమ దూరముగా సాగిపోవు రోడ్డు: ఇది చూచినవారికి వాలు ప్రదేశమని తోచదు. కాని హిందూపురము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. అనంతపురము 350 మీటర్లకు లోపుగా ఉన్నది. రెంటి నడుమ నూరు కిలోమీటర్లకు పైగా రోడ్డు కలదు. సగటు తీసినచో సుమారు 400 మీటర్లకు ఒక మీటరు పల్లము వచ్చును. అంతమాత్రపు వాలులో కారు కదలదు. అయితే రోడ్డు సగటు ననుసరించి పోదు గదా! వంకలోనికి దిగును, చెరువుకట్ట మీదికి ఎక్కును, పెనుకొండ వంటి తావులలో గుట్టల నడుమ మెలికలు తిరుగును. 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు పలుచోట్ల తగులును. ఆ వాలు కంటికి ఆనదు గాని కారునకు తెలియును.

ఎట్లు తెలియునో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. కారు బరువు 1,200 కిలోగ్రాములనుకొందము. 50కి 1 వాలులో దానిని క్రిందికి లాగు బలము బరువులో ఏబదవ వంతు, అనగా 24 కిలోగ్రాముల బరువుతో సమానము. తారురోడ్డు మీద టైర్లు దొర్లుటకు కలుగు నిరోధము బరువులో సుమారు ఎనుబదవ వంతని తీసికొన్నచో 15 కిలోగ్రాములు. మిగిలిన 9 కిలోగ్రాముల బలము కారును కదలించును. మొదటి 20 సెకండ్లలో అది 15 మీటర్లు కూడ పోదు. నడచుచున్న మనిషి వేగమును మించదు. 40 సెకండ్లకు 59 మీటర్లు పోవును. నిమిషము ముగియునప్పటికి 132 మీటర్లు పోయి, గంటకు 16 కిలోమీటర్ల వేగము నందుకొనును. డ్రైవరు తలుపు వేసి టీ అంగడి చేరునంతలో ఇదంతయు జరిగిపోవును. నిటారు కొండమీద ఎవడైనను జాగ్రత్తపడును. చదునని నమ్మిన చోటనే బండి చేయి జారును.

కదలుచున్న బండిని ఆపుట ఒక పని. ఆగిన బండిని, మనిషి దగ్గర లేకున్నను, ఆగినచోటనే నిలుపుట మరియొక పని. మొదటి దానికి చలనశక్తిని ఉష్ణముగా మార్చి పారవేయవలెను. రెండవదానిలో మార్చవలసిన శక్తియే లేదు. ఒక బలమునకు ఎదురుగా మరియొక బలము గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి నిలిచి యుండవలెను. ఈ రెండు పనులకును ఒకే సాధనము చాలదని మానవుడు తెలిసికొన్న చరిత్రయే చేతి బ్రేకు చరిత్ర.

రాయలసీమలో మంచి బాటలు లేని కాలమున సరుకంతయు పెరికెడ్ల మీద పోయెడిది. ఎద్దుకు బ్రేకు అక్కరలేదు. బండి వచ్చిన తరువాతనే చిక్కు వచ్చినది. పల్లమున ఎడ్లు కాడితో బండిని వెనుకకు ఆనుకొని కొంతవరకు ఆపగలవు. కాని ఎత్తెక్కుచు నడుమ అలసి నిలిచినప్పుడు, ఎడ్లను విప్పినప్పుడు, బండివాడు చేయు పని యొకటే: చక్రము వెనుక రాయి పెట్టుట. ఇది మోటుపని యని కొందరనుకొందురు. నేనట్లనుకొనను. రాయి అరుగదు, సాగదు, చల్లారి వదులు కాదు. బండి ఎంత బలముగా నొక్కిన అంత గట్టిగా రోడ్డునకు అదుముకొనును. తరువాతి యంత్రములన్నియు ఈ గుణములనే సంపాదింప ప్రయత్నించినవి.

ఇంగ్లండు కొండబాటలలో ఈ రాతికి బదులు కొయ్య దొమ్మె నొకదానిని గొలుసులతో వెనుక చక్రమునకు తగిలించి, ఎత్తెక్కునప్పుడు చక్రము వెంబడి దొర్లుచు వచ్చునట్లు చేసిరి. బండి వెనుకకు జరిగిన తక్షణమే అది చక్రము క్రింద చిక్కుకొనును. పల్లము దిగుటకు వేరు సాధనముండెను. చక్రము క్రింద ఇనుప చెప్పు వంటిది పెట్టి, చక్రము తిరుగక ఈడ్వబడునట్లు చేసెడివారు. ఆపుటకు ఒకటి, నిలుపుటకు ఒకటి!

మోటారు వాహనము పుట్టినప్పుడు ఈ తెలివి కొంత మరుగున పడెను. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల కారు బ్రేకు బలహీనమైనది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము కారులో పోయెను. ఎత్తులలో పిల్లలు దిగి బండిని త్రోయవలసి వచ్చెను. పల్లములలో బ్రేకు దిమ్మెలు అరిగిపోవుచుండగా, ఆమె దారిలో ఒక చర్మకారునిచే వాటికి తోలు కొట్టించెను. బ్రేకు లైనింగునకు ఇది ఆదియని చెప్పుదురు. మరి తొమ్మిదేండ్లకు, 1897లో, ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకు లైనింగుల పరిశ్రమను స్థాపించెను. డెర్బీషైరు కొండలలో బండివారు పాత బూట్ల తోలును బ్రేకులకు వాడుట చూచియే ఆయనకు ఆ ఊహ కలిగినదట. తరువాత లైనింగులలో రాతినార ప్రవేశించి ఇరువదవ శతాబ్దములో చాలకాలము నిలిచెను. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలిన పిమ్మట పెక్కు దేశములు దానిని నిషేధించినవి. పాత బండి డ్రమ్ము విప్పినప్పుడు నోటితో ధూళి ఊదుట మన మెకానిక్కులలో ఇప్పటికిని కన్పించు అలవాటు, అది మానవలసినది.

తొలినాటి కార్లలో పట్టీ బ్రేకులు వాడుకలో నుండెను. తిరుగుచున్న డ్రమ్ము చుట్టు ఒక పట్టీని బిగించుటయే దీని సూత్రము. ఒక గుంజకు త్రాడు రెండు చుట్లు చుట్టి, ఒక కొనను చిటికెన వ్రేలితో పట్టుకొని, రెండవ కొనను బలవంతుడైన విద్యార్థిచే లాగించి చూడుడు. అతడు ఎంత లాగినను త్రాడు జారదు. చుట్టిన కోణము పెరిగినకొలది పట్టు హెచ్చవేతగా పెరుగును. పట్టీ బ్రేకు కూడ ఇట్లే తన పట్టును తానే పెంచుకొనును. కాని చక్రము ముందునకు తిరుగునప్పుడే డ్రమ్ము పట్టీని బిగించును. వెనుకకు తిరిగినప్పుడు అదే ఘర్షణ పట్టీని వదులు చేయును! కనుక ముందుకు పోవు కారును చక్కగా ఆపిన బ్రేకు, ఎత్తులో నిలిచి వెనుకకు జారు కారును పట్టుకొనలేకపోయెను. అందుచేత ఆ కార్ల అడుగున మొనగల ఇనుప కమ్మి నొకదానిని వ్రేలాడదీసిరి. ఎత్తెక్కునపుడు డ్రైవరు దానిని నేల మీదికి వదలును. కారు వెనుకకు జరిగినచో కమ్మి నేలలో గ్రుచ్చుకొని నిలుపును. మన బండివాని రాయియే ఇనుప రూపమున మరల వచ్చినది.

ఇంగ్లండులో 1896లో చేసిన నిబంధనలు మోటారు బండికి ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు బ్రేకులుండవలెనని శాసించినవి. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో, డ్రమ్ము లోపలనుండి రెండు దిమ్మెలు విచ్చుకొని నొక్కు బ్రేకునకు పేటెంటు పొందెను. ఇందు చక్రము ఎటు తిరుగబోయినను రెండు దిమ్మెలలో ఏదో ఒకటి తనంతట బిగియును. కావున వెనుకకు జారుట అను లోపము తీరెను. ఇనుప కమ్మి మాయమయ్యెను.

1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు ఒత్తిడితో పనిచేయు బ్రేకులతో అమ్మకమునకు వచ్చెను. ద్రవములో ఒకచోట కలిగిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునను పాస్కల్ సూత్రము దీనికి ఆధారము. కాలి బ్రేకు లోకమంతట క్రమముగా ఈ పద్ధతికి మారెను. చేతి బ్రేకు మాత్రము మారలేదు. కారణము సులభము. ద్రవము రబ్బరు ముద్రల ప్రక్కనుండి బొట్టుబొట్టుగా కారవచ్చును. కాలు పెడలుమీద ఉన్నంతసేపు ఆ కారుట లెక్కలోనికి రాదు గాని, రాత్రియంతయు నిలిచిన బండికి అదియే ముప్పు. ఉక్కు తీగ కారదు. మీట లాగినప్పుడు టకటకమను శబ్దము పళ్ళపట్టె మీద నాలుక ఒక్కొక్క పంటిని దాటుటవలన వచ్చును. చివరి పంటిలో నిలిచిన నాలుకకు శ్రమ లేదు, అలసట లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకే బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించెను. గ్రామీణ భారతమున ప్రభుత్వ వాహనమనగా చాలకాలము జీపే. ఆనాటి జీపులో చేతి బ్రేకు చక్రములను పట్టుకొనదు. గేరుపెట్టె వెనుక, ఇరుసునకు శక్తిని చేర్చు కడ్డీని పట్టుకొనును. పట్టు గట్టిదే. కాని టైరు మార్చుటకు జాకీతో వెనుక చక్రము నొకదానిని పైకెత్తినప్పుడు వింత జరుగును. కడ్డీ కదలకున్నను, ఇరుసులోని డిఫరెన్షియల్ పళ్ళచక్రములు రెండు చక్రములు ఎదురెదురుగా తిరుగుటకు అడ్డు చెప్పవు. గాలిలోని చక్రము ఒకవైపు, నేలమీది చక్రము మరొకవైపు తిరిగి జీపు జాకీ మీదనుండి పడిపోవును. వెనుక చక్రములతో నడచు ఏ కారునైనను గేరును మాత్రమే నమ్మి జాకీ ఎత్తినచో ఇదియే గతి. అందుచే జాకీ వేయక ముందు మిగిలిన చక్రములకు రాళ్లు పెట్టుట తప్పనిసరి.

1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చినది. ఇందు ఇంజను ముందు చక్రములను త్రిప్పును. చేతి బ్రేకు వెనుక చక్రములను పట్టును. కనుక గేరులో నుంచి చేతి బ్రేకు లాగినచో నాలుగు చక్రములును బంధింపబడును. గేరు నిలుపుట ఎట్లనగా: మొదటి గేరులో చక్రము ఒక చుట్టు తిరుగవలెనన్న ఇంజను సుమారు 14 చుట్లు తిరుగవలెను. వాలు చక్రమునకు కలిగించు త్రిప్పుడు ఇంజనును చేరునప్పటికి పదునాలుగవ వంతగును. సిలిండరులో చిక్కిన గాలి, పిస్టన్ల ఘర్షణ దానిని ఎదిరించును. నాలుగవ గేరులో ఈ లాభము సుమారు నాలుగింతలే. కనుక మొదటి గేరో, రివర్సు గేరో వేయవలెను. ఎత్తునకు ముఖము పెట్టి నిలిపిన కారునకు మొదటిది, పల్లమునకు ముఖము పెట్టిన దానికి రివర్సు వేయుట ఆచారము. అట్లు చేసినచో కారు జారవలెనన్న ఇంజను వెనుకకు తిరుగవలెను. అరిగిన ఇంజనులో చిక్కిన గాలి రింగుల ప్రక్కనుండి మెల్లగా తప్పించుకొనుటచే, కారు ఆగి ఆగి కుదుపులతో దిగవచ్చును. గేరు చేతి బ్రేకునకు తోడు మాత్రమే.

చేతి బ్రేకు చెడుటకు కారణములు పెద్దవి కావు. తీగ కొద్దికొద్దిగా సాగును, లైనింగు అరుగును. అప్పుడు మీట మునుపటికంటె ఎక్కువ పళ్ళు పైకి వచ్చును. ఈ గుర్తును కనిపెట్టక మరింత బలముగా లాగుట చాలమంది చేయు పని. మన ప్రాంతమున త్రుప్పుకంటె ధూళి పగ ఎక్కువ. తీగ తొడుగులో ఎర్రదుమ్ము చేరి తీగను సగములో పట్టివేయును. డిస్కును పట్టు చేతి బ్రేకులలో మరియొక చిత్రమున్నది. ఘాటు దిగి వచ్చి డిస్కులు కాగియున్నప్పుడు నిలిపినచో, చల్లారుచు లోహము సంకోచించి పట్టు సడలును. నిలిపిన అరగంటకు కారు కదలుటకు ఇదియొక కారణము. 1944లో తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు తెరువబడిన నాటినుండి మన ప్రాంతపు బండ్లెన్నో ఇట్టి దిగుడు చవిచూచినవి.

నిలుపుటలో వరుసయు ముఖ్యమే. కాలి బ్రేకు నొక్కి యుంచి చేతి బ్రేకు లాగవలెను. గేరు తటస్థముగా నుంచి కాలు మెల్లగా తీయవలెను. కారు కదలనిచో చేతి బ్రేకు పనిచేయుచున్నదని తెలియును. అటుపిమ్మట మరల కాలి బ్రేకు నొక్కి గేరు వేయవలెను. ముందే గేరు వేసినవానికి చేతి బ్రేకు చెడిన సంగతి ఎన్నటికి తెలియదు. గట్టు లేని కొండరోడ్డున ముందు చక్రములను లోయవైపు గాక కొండవైపునకు త్రిప్పి యుంచవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను ప్రకారము, డ్రైవరు సీటులో లైసెన్సు గల మనిషి లేనప్పుడు, ఇంజను ఆపి, బ్రేకు వేసి, లేదా తగిన ఇతర ఏర్పాటు చేసి, బండి తనంతట కదలకుండునట్లు చూడనిదే దానిని బహిరంగస్థలమున నిలుపరాదు.

బరువు లారీలలో నేడు కథ తారుమారైనది. బలమైన స్ప్రింగు ఎల్లప్పుడు బ్రేకును నొక్కియే యుండును. గాలి ఒత్తిడి దానిని వెనుకకు నెట్టి విడిపించును. గాలి పోయినచో బండి నిలుచును. అయినను క్లీనరు కొయ్యచీలికతో దిగుట మానలేదు. ఒకే చిక్కు: బండి కదలునప్పుడు తొందరలో రాళ్లను రోడ్డుమీదనే వదలిపోవుదురు, చీకటిలో వచ్చు మోటారు సైకిలువానికి ఆ రాయి మృత్యువగును.

1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు ఆశ్రయమిచ్చిన పెనుకొండ, 2022 వరకు అనంతపురము జిల్లాలోనిది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆ కొండకు దగ్గర ఎర్రమంచి వద్ద కియా కర్మాగారములో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. 2001లో ఐరోపా కార్లలో మొదలై ఇప్పుడు మన రోడ్లమీదికిని వచ్చిన క్రొత్త పద్ధతిలో మీట లేదు. ఒక బొత్తాము ఉన్నది. దానిని లాగినచో చిన్న విద్యుత్ మోటారు ఒక మరను త్రిప్పి దిమ్మెలను డిస్కునకు అదుమును. మర వాలు చాల తక్కువగుటచే, కరెంటు ఆగిన తరువాతకూడ అది తనంతట వెనుకకు తిరుగదు. కొన్ని కార్లలో డిస్కు చల్లారిన వెనుక మోటారు మరల మేలుకొని పట్టు బిగించును. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినచో మాత్రము బ్రేకు విడిపించుటకు మెకానిక్కును పిలువవలసి యుండును.