కమాను కట్టకు కళ్లెం

1925 ఏప్రిల్‌లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఒక కొత్త బండిని అమ్మకానికి పెట్టింది. ముందు ఇద్దరు కూర్చునే మోడల్ టి కారు, వెనక ఉక్కు తొట్టి, దించి ఎత్తుకునే వెనక తలుపు. ధర 281 డాలర్లు. ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా తయారై వచ్చిన తొలి ఫోర్డ్ బండి అది. అంతకుముందు రైతులూ చిన్న వ్యాపారులూ కారు కొనుక్కుని, వెనక భాగం తీయించి చెక్కపెట్టె బిగించుకునేవాళ్లు. కొత్త బండికి బరువు మోయడానికి వెనక గట్టి కమాన్లు వేశారు. ఆ కమాన్ల ఊపును అదుపు చేసే షాకబ్జర్ మాత్రం ఒక్కటీ వేయలేదు.

దానికి కారణముంది. కమాను కట్టలో ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పేర్చి ఉంటుంది. కట్ట వంగినప్పుడల్లా పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే ఊపును కొంత చంపేస్తుంది. 1804లో లండన్‌లో ఒబడయా ఇలియట్ బగ్గీలకు కమాన్లు పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి వందేళ్లపాటు గుర్రపు బళ్లు ఈ రాపిడితోనే నెట్టుకొచ్చాయి. గుర్రం వేగానికి అది సరిపోయింది. కానీ రాపిడిని నమ్ముకోలేం. గ్రీజు తగిలితే తగ్గిపోతుంది, తుప్పు పడితే బిగుసుకుపోతుంది. మోటారు వచ్చి వేగం పెరిగాక గుంతలో పడిన చక్రం ఎగిరి, దిగి, మళ్లీ ఎగరడం మొదలైంది. చక్రం గాలిలో ఉన్నంతసేపూ బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు.

ఈ ప్రమాదాన్ని ముందు గట్టిగా పట్టించుకున్నది రేసు కార్లవాళ్లు. ఫ్రాన్స్‌కు చెందిన ట్రూఫో ఒక పరికరం చేశాడు. ఒక చేయి ఛాసిస్‌కు, ఇంకో చేయి ఇరుసుకు. రెండూ కలిసేచోట బిగించిన బిళ్లలు. చక్రం లేచినా దిగినా ఆ బిళ్లలు ఒరుసుకుని ఊపును ఆపుతాయి. ఎంత గట్టిగా ఆపాలో మరతో సర్దుకోవచ్చు. 1904లో జర్మనీలో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో లియోన్ తేరీ గెలిచిన కారుకు ఇవే బిగించారు. అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ వాటి హక్కులు తీసుకుని తయారీ మొదలుపెట్టాడు.

అదే అమెరికాలో, క్లీవ్‌లాండ్ నగరంలో, క్లాడ్ ఫాస్టర్ అనే ఆయన ఉండేవాడు. సంగీతమంటే ప్రాణం. ఇంజిన్ పొగ గొట్టంలోంచి వచ్చే గాలితో స్వరాలు పలికే హారన్ ఒకటి చేసి, దానికి బూర ఊదే దేవదూత గాబ్రియేల్ పేరు పెట్టాడు. ఆ పేరుతోనే నడిచిన ఆయన కంపెనీ తర్వాత స్నబ్బర్ అనే పరికరం అమ్మింది. ఛాసిస్ మీద బిగించిన డబ్బాలో చుట్టిన పట్టా, దాని కొస ఇరుసుకు. చక్రం పైకి లేచేటప్పుడు పట్టా అడ్డు చెప్పదు, కమాను విదిలించుకుని తిరిగి సాగేటప్పుడు పట్టుకుంటుంది. ఇందులో గొప్ప తెలివి ఉంది. గుంత దెబ్బను కమాను ఎలాగూ తీసుకుంటుంది. ఆ తర్వాత అది తిరిగి సాగడంలోనే బండి అదుపు తప్పుతుంది. నేటి షాకబ్జర్లలో కూడా చాలావాటికి సాగేటప్పుడే బిగువు ఎక్కువ.

ద్రవాన్ని పనిలో పెట్టిన ఘనత ఫ్రాన్స్‌కే చెందిన మారిస్ ఉడాయ్‌ది. గుండ్రటి డబ్బాలో రెక్క, దాన్ని తిప్పే చేయి. రెక్క కదలాలంటే ద్రవం సన్నటి దారిలోంచి దూరి వెళ్లాలి. మోడల్ టి తర్వాత వచ్చిన మోడల్ ఎ బండికి ఫోర్డ్ నాలుగు చక్రాల దగ్గరా ఈ రకమే బిగించింది. అందులో గ్లిజరిన్ పోసేవాళ్లు. తగ్గిందేమో చూసి నింపడం, సూది మరతో బిగువు సర్దడం బండి యజమాని పని. ఇప్పుడు మనం వాడే గొట్టం రకానికి అలా నింపుకునే వీలు లేదు. సీలు పోతే దాని ఆయువు తీరినట్టే.

గొట్టం లోపల పిస్టన్, పిస్టన్‌కు చిన్న రంధ్రాలు, వాటికి కవాటాలు. నూనె వాటిలోంచి దూరుతూ ఊపులోని శక్తినంతా వేడిగా మార్చేస్తుంది. చెడ్డ రోడ్డు మీద విడవకుండా తిరిగితే నూనె నురగ కట్టి పట్టు తప్పుతుంది. దీనికి ఫ్రెంచి ఇంజినీరు బూర్సియే ద కార్బన్ నైట్రోజన్ వాయువుతో విరుగుడు చెప్పాడు. నూనెకూ వాయువుకూ మధ్య తేలే పిస్టన్ పెట్టి, నూనెను ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచాడు. జర్మనీలోని బిల్‌స్టైన్ కంపెనీ ఆ పద్ధతిని తీసుకుని 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు అందించింది.

మనదేశంలో 1940ల చివర బొంబాయిలో మహీంద్రా బిగించిన విల్లీస్ జీపులు కమాను కట్టలతో, గొట్టం షాకబ్జర్లతో వచ్చాయి. క్లాడ్ ఫాస్టర్ పెట్టిన గాబ్రియేల్ పేరుతో 1961లో ఇక్కడ కూడా కంపెనీ మొదలైంది. 1988లో టాటామొబైల్ పికప్, 2005లో టాటా ఏస్ వచ్చాయి. బొలెరో పికప్ పల్లెపల్లెకూ చేరింది. అన్నింటికీ వెనక కమాను కట్టలే.

పికప్‌కు కష్టం ఇక్కడే ఉంది. మదనపల్లె మార్కెట్‌కు టమాటా దించిన బండి ఖాళీగా తిరిగొస్తుంది. బరువు కోసం చేసిన కమాను ఖాళీ తొట్టి కింద రాయిలా ఉంటుంది, ఇరుసు గతుకు గతుక్కీ ఎగురుతుంది. నిండా లోడుతో ఉన్నప్పుడు బండి మొత్తం నెమ్మదిగా ఊగుతూ మలుపులో పక్కకు లాగుతుంది. రెండింటినీ ఒకే షాకబ్జర్ ఆపాలి. పైగా మన దగ్గర కట్టకు అదనంగా పట్టీలు వేయించడం మామూలైపోయింది. బండి ఎత్తు పెరుగుతుంది, కమాను విసురు పెరుగుతుంది. షాకబ్జర్ మాత్రం పాతదే, పాత పొడవే. అది పూర్తిగా సాగి కొసలో కొట్టుకుని త్వరగా చస్తుంది. పట్టీ పెంచినప్పుడు దానికి తగిన షాకబ్జర్ కూడా వేయించాలి.

చాలా పికప్‌ల వెనక ఒక షాకబ్జర్ ఇరుసుకు ముందు, ఇంకొకటి వెనక వాలి ఉంటాయి. ఎవరో తప్పుగా బిగించారని అనుకోవద్దు. ఇంజిన్ బలం పడినప్పుడు కమాను మెలి తిరిగి ఇరుసు ఎగరకుండా కావాలనే అలా పెట్టారు.

కారును చేత్తో నొక్కి చూసే పరీక్ష పికప్ వెనక భాగానికి పెద్దగా పనికిరాదు, కట్ట అంత గట్టిది. అంతకన్నా టైరు చూడండి. గుంటలు గుంటలుగా అరిగితే అనుమానించాలి. గొట్టం మీద సన్నటి చెమ్మ పర్వాలేదు. నూనె కారి మట్టి పేరుకుంటే మార్చాల్సిందే. గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చాక రెండు షాకబ్జర్ల దగ్గరా జాగ్రత్తగా చెయ్యి పెట్టండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని మానేసింది.

మార్చేటప్పుడు ఒకే ఇరుసుకున్న రెండూ కలిపి మార్చాలి. పాతది విప్పేముందు ఇరుసు కింద ఆసరా ఉండాలి, లేకపోతే ఇరుసు జారి బ్రేకు గొట్టం తెగొచ్చు. కొత్తది, ముఖ్యంగా గొట్టంలో ఇంకో గొట్టం ఉండే రకం, నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు లాగి నొక్కి లోపలి గాలి పోగొట్టాలి. మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టనివ్వకండి. ఒక్క గీటు చాలు, సీలు చిరిగిపోతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి నేల మీద చక్రాలపై నిలిచాకే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే పిగులుతుంది. గ్యాసు షాకబ్జర్‌ను కోయడం, వెల్డింగు మంట తగిలించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

షాకబ్జర్ బాగుంటే ప్రయాణం సుఖంగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతూ వచ్చారు. అందువల్లే సరుకు బండికి అది విలాసమన్న అభిప్రాయం పాతుకుపోయింది. నూట ఇరవై ఏళ్ల కిందట రేసులవాళ్లకు తెలిసిన సంగతే అసలు సంగతి. అది చక్రాన్ని నేల విడవనీయకుండా చూసే భాగం, బ్రేకులతో సమానమైన భాగం. పికప్ నడిపే ప్రతివాళ్లకూ ఒక విన్నపం: ఈసారి టైర్లు మార్చించేటప్పుడు, కొత్త టైరు ఎక్కించకముందే నాలుగు షాకబ్జర్లూ చూపించండి.