కలవని గీతలు

రెండు గీతల్ని ఒక అడ్డగీత ఖండించినప్పుడు ఏకాంతర కోణాలు సమానమైతే ఆ గీతలు సమాంతరాలు. హైస్కూల్లో మనమంతా బట్టీపట్టిందే! దాని పక్కనే తిరగేసిన మాట ఇంకోటి ఉండేది, గీతలు సమాంతరాలైతే ఆ కోణాలు సమానమని. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. కానీ ఒకతె బుద్ధిమంతురాలు, రెండోది రెండువేల ఏళ్ళు మహామహుల్ని ఏడిపించిన గడుగ్గాయి.

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ మొదటిదాన్ని చక్కగా రుజువు చేశాడు. ఆ గీతలు ఎక్కడో కలుస్తాయనుకోండి, త్రిభుజం ఏర్పడుతుంది. త్రిభుజంలో బయటి కోణం ఎప్పుడూ ఎదురుగా ఉన్న లోపలి కోణంకన్నా పెద్దదే. ఇక్కడేమో రెండూ సమానమంటున్నాం! కనక కలవవు. అంతే.

రెండోదాని దగ్గరకొచ్చేసరికి ఆయనకీ దారి దొరకలేదు. అడ్డగీతకు ఒకవైపున్న లోపలి కోణాలు కలిపి రెండు లంబకోణాలకు తక్కువైతే, గీతలు ఆ వైపున కలిసి తీరతాయని ఒప్పుకోమన్నాడు. ఇదే ఐదో స్వీకృతం. ఒప్పుకోవడమేమిటి, రుజువు చేద్దామని ఎందరో బయల్దేరారు. ఉమర్ ఖయ్యాం కూడా. అవునండీ, మధుపాత్రల కవే!

హంగేరియన్ లెక్కల మాస్టారు ఫార్కాష్ బోయాయ్ కూడా ఆ ఊబిలో దిగినవాడే. కొడుకు యానోష్ అదే పట్టుకున్నాడని తెలిసి 1820లో బతిమాలుతూ ఉత్తరం రాశాడు. దాని జోలికి పోకు నాయనా, ఆరోగ్యమూ మనశ్శాంతీ రెండూ పోతాయని. కొడుకులు వింటారా? 1823లో, ఇరవై ఏళ్ళ వయసులో, శూన్యంలోంచి కొత్త లోకాన్నే సృష్టించానని తండ్రికి జవాబు రాశాడు. ఆ లోకంలో బుద్ధిమంతురాలి మాట చెల్లుతుంది, గడుగ్గాయి మాట చెల్లదు! ఒక బిందువు గుండా ఒక గీతకు ఎన్ని సమాంతరాలైనా గీయొచ్చు.

తండ్రి ఆ 24 పేజీల్నీ తన పుస్తకానికి అనుబంధంగా అచ్చువేయించి, పాత స్నేహితుడు గౌస్‌కి పంపాడు. అంతటి పండితుడూ 1832లో ఏమని రాశాడు? దీన్ని పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టే, ఇవన్నీ నేనెప్పుడో ఆలోచించినవేనని! అదే ఏడు ఇంకో మిత్రుడికి రాస్తూ మాత్రం ఆ కుర్రాడు గొప్ప మేధావి అన్నాడట. ఆ ముక్కేదో ఆ అబ్బాయి చెవిన పడేస్తే సొమ్మేం పోయేది? యానోష్ కుంగిపోయాడు, మరి దేన్నీ అచ్చుకివ్వలేదు. రష్యాలో లోబచేవ్‌స్కీ 1829లోనే ఇదే సంగతి ప్రకటించాడని ఆనక తెలిసి ఇంకా చిన్నబోయాడు.

ఆ కొత్త లోకంలో తప్పేమీ లేదని ఇటలీలో బెల్ట్రామీ 1868లో చూపించాడు. అప్పటికి తండ్రి పోయి పన్నెండేళ్ళు, కొడుకు పోయి ఎనిమిదేళ్ళు.