కురిక్యాల పరిసరములు: గుట్ట, గుడి, మండువ

గ్రామచరిత్ర యనగా రాజవంశచరిత్రకు చివర చేర్చదగిన అనుబంధమను అభిప్రాయము మనలో చాలమందికి గలదు. ఇంగ్లండు దేశమున ఈ భావము ఎన్నడో సడలినది. అచట 1899లో ఆరంభమైన విక్టోరియా కౌంటీ చరిత్రల యందు, ఒక్కొక్క చర్చికి లోబడిన పల్లెప్రాంతమును ఒక్కొక్క ప్రకరణముగా గైకొని, అందలి దేవాలయమును, భూస్వామి భవనమును, భూమి హక్కులను వరుసగా విచారించు పద్ధతి యేర్పడినది. చర్చి చెంతనున్న పానశాలను సైతము ఆ దేశపు పండితులు చిన్నచూపు చూడలేదు. మధ్యయుగమున చర్చి వ్యయమునకై ఊరివారే మద్యము కాచి, పండుగనాడు విక్రయించి, ఆ సొమ్మును దేవునికి సమర్పించుచుండిరి. గుడికిని పానశాలకును అచట పూర్వము ఇంతటి చుట్టరికము గలదు.

ఇట్టి దృష్టితో చూడదగిన సీమ మనకును గలదు. కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల గ్రామము, దాని సమీపమున గల బొమ్మలమ్మగుట్ట, ఆ వెనుక నిలిచిన వేములవాడ రాజధాని, ఈ పల్లెలలోని ఎల్లమ్మ గుడులు, ఈతవనములు, చర్చిలు ఇవన్నియు కలిసి యొకే చరిత్ర. వీనిని విడివిడిగా చదివినచో చరిత్రలో సగము మనకు దక్కదని మా అభిప్రాయము.

మొదట గుట్ట. వేములవాడ చాళుక్యుడగు రెండవ అరికేసరి యాస్థానమున కన్నడ ఆదికవి పంపడు వెలసెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్టపై ఆద్యంత తీర్థంకరుల ప్రతిమలను, జైన దేవతయగు చక్రేశ్వరిని చెక్కించి, ఆ క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనమును వ్రాయించెను. దీని కాలము సుమారు క్రీ.శ. 945 అని పండితుల నిర్ణయము. ఇందలి మూడు తెలుగు కందపద్యములు నేటికి మనకు లభించిన కందములలో మొదటివి. క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనములోని తరువోజ తరువాత తెలుగు పద్యచరిత్రలో ఇంతటి మైలురాయి అరుదు. రాజరాజనరేంద్రుని పాలనము 1022లో ఆరంభమైనది గావున, నన్నయకు ముందు ఒక శతాబ్ది నాటికే కందము ఇట్లు రాతికెక్కునంతగా కుదురుకొన్నదని చెప్పుటకు ఈ శాసనమే సాక్షి.

పంపని వంశము వేంగినాటిలోని కమ్మనాట వంగిపఱ్ఱున నుండెనని ఈ శాసనము వలననే తెలియుచున్నది. తెలుగునేల నుండి వచ్చినవాడు కన్నడమున మహాకావ్యము రచించుట, ఆతని తమ్ముడు మూడు భాషలలో శాసనము వ్రాయించుట, నాటి భాషల సరిహద్దులు నేటి వంటివి కావని మనకు బోధించును. అన్నకు అరికేసరి ధర్మపురమును అగ్రహారముగా నొసగెను. తమ్ముడు గుట్టయొద్ద త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను నిర్మించెను. గుడి, చెరువు, తోట అను మూటిని జేర్చి చెప్పుట గమనింపదగినది. పుణ్యస్థలమనగా విగ్రహము మాత్రమే కాదనియు, జనులు నీరు త్రాగి నీడను కూర్చుండు చోటు సైతము అందు భాగమేయనియు దాత తలంపు.

ఈ జైనక్షేత్రము ఒంటరిగా వెలసినది కాదు. వేములవాడలో రెండవ బద్దెగుడు సోమదేవసూరికై శుభధామజినాలయమును కట్టించెను. దానికి మూడవ అరికేసరి ఒక గ్రామమును దానమిచ్చిన సంగతి 966 నాటి పర్భణి తామ్రశాసనము తెలుపుచున్నది. ఆ వేములవాడయే తరువాతి కాలమున రాజరాజేశ్వరస్వామి క్షేత్రమై, కోడెమ్రొక్కులకు ప్రసిద్ధి గాంచెను. కురిక్యాల గుట్టపై చక్రేశ్వరి సైతము తన పేరు గోల్పోయినది. శాసనమున వృషభాద్రిగా నున్న కొండ జనులనోట బొమ్మలమ్మగుట్ట యైనది. ఈ పేరులోని 'బొమ్మ' శిల్పమును, 'అమ్మ' గ్రామదేవతను సూచించుచున్నవి. మతము మారినను మ్రొక్కు మారలేదనుటకు ఈ ఒక్క పేరు చాలును.

ఇక మండువ. రాతిపై పేరు చెక్కించుకొనగలవాడు రాజు, మంత్రి, కవి, శ్రేష్ఠి. మోకు నడుమున గట్టి తాడిచెట్టెక్కు గౌడుని పేరు ఏ శాసనమునను మనకు కనబడదు. కాని ఆతనికి తన చరిత్ర లేకపోలేదు. రేణుకాయెల్లమ్మయు, కాటమయ్యయు ఆతని దేవతలు. కల్లు దించిన పిదప అమ్మకు శాక పోయుట, అనగా నేలపై ధారగా వదలుట, ఆచారము. గౌడకులమును ఆశ్రయించిన గౌడజెట్టి, ఏనూటి మొదలగువారు ఆ కులపురాణమును తరతరములుగా గానము చేయుచు వచ్చిరి. నిజాము కాలమున ఆబ్కారీ రాజ్యాదాయములో ముఖ్యమైనది. చెట్టునకు పన్ను, అమ్మకమునకు గుత్త. కావున ఈతవనము భక్తికేగాక ప్రభుత్వపు ఒత్తిడికిని లోనైన చోటు. 18వ శతాబ్ది ఆరంభమున మొగలు అధికారమును ధిక్కరించి, 1708లో ఓరుగల్లును ముట్టడించి దోచుకొని, 1710లో చంపబడిన సర్వాయి పాపన్న ఈ గీతవృత్తి కులమున పుట్టినవాడే. ఆతనిని నాటి పారసీక చరిత్రకారులు దొంగగా వ్రాసిరి. పల్లెపాట వీరునిగా పాడినది. ఈ రెంటిని ఎదురెదురుగా నుంచినగాని పాపన్న మనకు అర్థము కాడు.

మూడవది చర్చి. 19వ శతాబ్ది చివరి భాగమున వెస్లియన్ మిషను కరీంనగరమున నెలకొని, చుట్టుపట్ల పల్లెలకు వ్యాపించినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఈ సంఘములు అందు చేరినవి. 1978లో కరీంనగరము ప్రత్యేక అధ్యక్షమండలమైనది. ఇచట చరిత్రకారునకు కావలసినది కట్టడము మాత్రమే కాదు, బాప్తిస్మములు, వివాహములు, సమాధులు నమోదుచేయు పుస్తకము సైతము. ఇంగ్లండున 1538లో ప్రతి చర్చియు ఇట్టి పుస్తకమును ఉంచవలెనని ఆజ్ఞ వెడలినది. అచటి సామాన్యుల వంశచరిత్రలకు నేటికి అదియే ఆధారము. మన పల్లెలలో మాల, మాదిగ కుటుంబముల పేర్లు పుట్టుక మొదలు మరణము వరకు వరుసగా వ్రాతకెక్కిన చోట్లు మిక్కిలి కొలది. చర్చి పుస్తకము అట్టి యొక చోటు.

ఇట్లు గుట్టపై రాయి దాతను చెప్పుచున్నది, మండువలోని పాట గీతకార్మికుని చెప్పుచున్నది, చర్చి పుస్తకము దళితుని చెప్పుచున్నది. ఒకటి చెప్పినదానిని మరియొకటి చెప్పదు. ఈ మూటిలో రాతికే శాశ్వతత్వము గలదని తలచుట పొరపాటు. కరీంనగరము చుట్టునున్న గుట్టలు గ్రానైటుకు పేరొందినవి. యంత్రములతో తొలిచి, దిమ్మెలుగా కోసి, దూరదేశములకు పంపుట దశాబ్దములుగా సాగుచున్నది. బొమ్మలమ్మగుట్ట పరిసరములలో తవ్వకముల వలన శాసనమునకు ప్రమాదమను ఆందోళన పత్రికలకెక్కినది. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన పిదప ఈ శాసనమును సభలలో పొగడనివారు లేరు. శాసనము నిలువవలెనన్న దానిని మోయుచున్న గుట్టయు నిలువవలెను గదా!

పాటకు గలుగు చేటు ఇంకను మౌనమైనది. ఆశ్రితులను పోషించు కట్టుబాటు సడలిన కొలది గాయకుని కుమారుడు వేరు వృత్తికి పోవును. ఆతనితో పాటు కథ పోవును. చర్చి పుస్తకమునకు చెదలు చాలును.

కావున తెలుగు శాఖల పరిశోధకవిద్యార్థులకు మా మనవి యిది. కురిక్యాల శాసనపాఠమును గ్రంథములో చదివి సరిపెట్టుకొనక, గుట్టనెక్కి అక్షరములను కన్నులార చూడవలెను. దిగివచ్చి ఈతవనమున గౌడపెద్దతో కూర్చుండి కాటమయ్య కథను ఆతని నుడికారముననే వ్రాసికొనవలెను. చర్చి పెద్దల అనుమతితో పాతపుస్తకములకు ప్రతులు తీయవలెను. ఒక మండలమునకు ఒక విద్యార్థి చొప్పున ఈ పనికి పూనుకొన్నచో, ఉత్తర తెలంగాణమునకు రాజులతో పాటు ప్రజలును గల చరిత్ర లభించును.