ఓటుకు లొంగని లెక్క

వృత్తం లెక్క అనగానే బడిలో మాస్టారు చెప్పిన 22/7 అందరికీ గుర్తొస్తుంది. చక్రం చిన్నదైనా, పెద్దదైనా చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఒకటే. దాని పేరే 'పై'. విలువ సుమారు 3.1416. వ్యాసం 20,000 ఉంటే చుట్టుకొలత 62,832 అని మన ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే లెక్కకట్టాడు. పైగా అది 'ఆసన్నం', అంటే దగ్గరి విలువ మాత్రమేనని జాగ్రత్తగా చెప్పాడు.

అలాంటి సంఖ్యకు మనం ఉంటున్న ఈ అమెరికాలో ఒకసారి చట్టం చేయబోయారంటే నమ్ముతారా? 1897లో ఇండియానా రాష్ట్రంలో అంతపనీ జరిగింది.

సాలిట్యూడ్ అనే ఊళ్ళో ఎడ్వర్డ్ గుడ్విన్ అనే డాక్టరు ఉండేవాడు. వృత్తానికి సరిసమానమైన వైశాల్యం గల చతురస్రం గీసే పద్ధతి కనిపెట్టానని ఆయన వాదన. స్కేలు, కాంపస్‌లతో అది అసాధ్యమని 1882లోనే జర్మన్ గణితవేత్త లిండెమన్ నిరూపించాడు. డాక్టరుగారి లెక్కలో 'పై' 3.2 అని తేలుతుంది. ఇండియానా బడులు తన పద్ధతిని రాయల్టీ కట్టకుండా ఉచితంగా వాడుకోవచ్చని ఆయన ఆశ చూపాడు. టేలర్ రికార్డ్ అనే ప్రతినిధి దాన్ని 246వ నంబరు బిల్లుగా సభలో పెట్టాడు. ఫిబ్రవరి 5న 67 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు!

అదృష్టవశాత్తూ అదే రోజు పర్డ్యూ యూనివర్సిటీ గణిత ప్రొఫెసరు వాల్డో వేరే పని మీద సభకు వచ్చాడు. చర్చ విని ఆశ్చర్యపోయి, సెనేటర్లకు విషయం విడమరచి చెప్పాడు. ఫిబ్రవరి 12న సెనేటర్లు నవ్వుకుని బిల్లును నిరవధికంగా వాయిదా వేశారు. లేకపోతే ఆ రాష్ట్రం పిల్లలు తప్పు లెక్కే నేర్చుకునేవారు.

3.1416కీ, 3.2కీ అంత తేడా ఏముంది అనిపించవచ్చు. పదడుగుల వ్యాసం ఉన్న నీళ్ళ ట్యాంకు చుట్టూ ఇనుప పట్టీ బిగించాలంటే సుమారు 31 అడుగుల 5 అంగుళాలు కావాలి. 3.2 లెక్కన కోస్తే 32 అడుగులు. 67 మంది ఓటేసినా ఆ పట్టీ ఏడంగుళాలు మిగిలిపోతుంది. ఆ సంగతి ట్యాంకు దగ్గర నిలబడ్డ పనివాడికి ఇట్టే తెలుస్తుంది.

2009లో అమెరికా ప్రతినిధుల సభ మార్చి 14ను 'పై దినం'గా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ఈసారి విలువ జోలికి మాత్రం పోలేదు. ఓటేసి తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. కొలిచి తేల్చుకోవలసినవి వేరు. ఉచితంగా వస్తోందని చెయ్యెత్తే ముందు, తెలిసినవాణ్ణి ఒక్క మాట అడగడం ఎప్పుడూ మంచిదే.